పదకొండో చుక్క

ఆ ఆఫీసు అంతస్తులో నరమానవుడు లేడు, ప్రోగ్రాములు రాసే అమ్మాయి తప్ప. ఇంటికి బయల్దేరే ముందు తన ప్రోగ్రామును ఆఖరిసారి నడిపి చూసుకుంటోంది. అది తనలోనే చిన్న బ్రౌజర్ కిటికీ తెరిచి, లాగిన్ పేజీలో పేరూ పాస్‌వర్డూ తానే నింపి, బటన్ నొక్కుతుంది. అంతా రెప్పపాటులో అయిపోవాలి.

ఈసారి పేరు గడిలో అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి. నాలుగు పడి ఆగాయి. నాలుగోది చెరిగిపోయి, దాని చోట మరొకటి వచ్చింది.

అలా ఒంటి వేలితో తడుముకుంటూ కొట్టే మనిషి ఆఫీసులో ఒక్కరే ఉండేవారు, పోయిన నెల కాలం చేసిన పెద్దాయన. ఆ లాగినూ ఆయనదే. మార్చడానికి బద్ధకించి, ఆమె దాన్నే కోడులో వదిలేసింది.

వెంటనే మేనేజరుకు ఫోను చేసింది.

“సార్, పెద్దాయన లాగిన్ ఎవరైనా వాడుతున్నారా?”

“దెయ్యాలు తిరిగే వేళప్పుడు ఏంటమ్మా ఈ గోల? దాన్ని సాయంత్రమే తీసేయించాను. ఇక పని చెయ్యదు.”

నిజమే. తెర మీద ‘లాగిన్ చెల్లదు’ అని ఎర్రగా వచ్చింది. హమ్మయ్య అనుకుంటూ ఫోను పెట్టేసి, ప్రోగ్రామును ఆపేసింది.

బ్రౌజర్ కిటికీ మాత్రం మూసుకోలేదు. గడి ఖాళీ అయి, మళ్లీ అక్షరాలు పడసాగాయి. ఈసారి ఆమె పేరు. కింద పాస్‌వర్డు గడిలో ఒక్కో చుక్కా చేరుతోంది. ఎనిమిది. తొమ్మిది. పది.

ఆమె పాస్‌వర్డుకు పదకొండు అక్షరాలు. ఎవరికీ చెప్పలేదు.

వెనక, కంప్యూటరు ఎప్పుడో తీసేసిన పెద్దాయన బల్ల దగ్గర, కీబోర్డు మీట ఒకటి టక్కుమంది.