ఊరికే సాయం చేసే మనిషి

ఐయోనా పాస్కో పంపిన కోడ్‌లో ఒక్క తప్పూ లేదు. డెన్‌హమ్ క్రెస్‌వెల్‌కి మింగుడు పడనిది అదే.

కరవాంగ్ అనే మెసేజింగ్ ప్రోగ్రామ్‌ని పదమూడేళ్లుగా అతనే చూసుకుంటున్నాడు. ఓపెన్ సోర్స్. లోపల ఎలా ఉందో ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేసి పంపొచ్చు. పంపినదాన్ని కలపాలా వద్దా అన్నది మాత్రం డెన్‌హమ్ ఇష్టం. తమ ఉత్తరాలు మూడో మనిషి కంట పడకూడదనుకునే వాళ్లంతా దాన్నే వాడతారు. విలేకరులు, యూనియన్ నాయకులు, మొగుడి దెబ్బలకు ఇల్లు వదిలి పారిపోయిన ఆడవాళ్లు.

ఐయోనా వచ్చి ఎనిమిది నెలలైంది. ఫొటో పెట్టదు. ఊరు అడిగితే ‘ఉత్తరాన’ అంటుంది. ఎవరూ ముట్టని చాకిరీ అంతా నెత్తిన వేసుకుంది. పాత తప్పులు ఒక్కొక్కటే సరిదిద్దుకుంటూ, మెల్లమెల్లగా లోపలికి వస్తోంది.

ఏదో వెతుకుతోంది. ఏమిటది?

శనివారం సంతలో బెవ్ లాక్స్‌టన్‌తో ఆ మాటే అన్నాడు. బెవ్ లాన్‌సెస్టన్‌లో, ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే ఇల్లు నడుపుతోంది. కరవాంగ్ బృందంలో ఆవిడా ఒకతె; దాన్ని ఎలా వాడాలో వివరించే పుస్తకం రాసిందీ ఆవిడే.

బెవ్ నవ్వింది. “సాయం చేస్తే అనుమానం. చెయ్యకపోతే నీ బ్లాగులో తిట్లు. నీతో ఎలా వేగాలి నాయనా?”

“ఊరికే ఎవరూ చెయ్యరు బెవ్.”

“నువ్వు చెయ్యడం లేదూ?”

డెన్‌హమ్ చేతిలోని స్కాలప్ గుల్లమాంసం కూరిన వేడి పఫ్‌ను కొరికి నాలుక కాల్చుకున్నాడు.

మరుసటి వారం హోబార్ట్ లైబ్రరీలో అతని ప్రసంగం. నలభై మంది దాకా వచ్చారు.

“లోపల ఏముందో చూపించని యంత్రాన్ని ఇంట్లోకి రానివ్వకండి,” అన్నాడు. “కంపెనీ మాట నమ్మకండి. ప్రభుత్వం మాట నమ్మకండి. నా మాట కూడా నమ్మకండి. కోడ్ చదవండి. చదివి అర్థం కాకపోతే, అర్థమయ్యేదాకా అడగండి.”

చప్పట్లు కొట్టారు. జనం వెళ్లాక ముప్పై ఏళ్ల మనిషి ఒకతె, వాన కోటు గుండీ తిప్పుకుంటూ దగ్గరికి వచ్చింది.

“నేనే ఐయోనాని. మీతో కాస్త మాట్లాడాలండీ.”

రేవు పక్కన ఫిష్ అండ్ చిప్స్ కొనుక్కుని కూర్చున్నారు. ఆమె గోడకు వీపు ఆనించి, వచ్చేపోయేవాళ్లు కనిపించే చోటు చూసుకుని కూర్చుంది. డెన్‌హమ్ అది గమనించాడు.

“ఉత్తరాలకు వేసే రహస్య తాళాలు తయారుచేసే ఫైలుంది చూశారా,” అంది, “దాన్ని విప్పి మళ్లీ రాద్దామనుకుంటున్నాను. మీరు సరేనంటేనే.”

“ఎందుకు?”

“ఎన్నిసార్లు చదివినా నాకు అర్థం కావడం లేదు.”

“పదేళ్లుగా నడుస్తోంది. నడిచేదాన్ని కెలకడం దేనికి?”

“అర్థమయ్యేదాకా అడగమని మీరే కదండీ అన్నారు.”

డెన్‌హమ్ ఆమె కళ్లలోకి చూశాడు. అమాయకత్వమో నటనో తేల్చుకోలేకపోయాడు.

“నిన్నెవరు పంపారమ్మాయ్?”

ఆమె చెయ్యి కాగితం పొట్లం మీదే ఆగిపోయింది. “ఎవరూ పంపలేదు. కరవాంగ్ ఒకప్పుడు నన్ను కాపాడింది. నాకు చేతనైంది చేద్దామని, అంతే.”

“ఎలా కాపాడింది?”

“అది చెప్పలేనండీ.”

ఆ సాయంత్రమే డెన్‌హమ్ కరవాంగ్ బృందంలోని తొమ్మిది మందికీ ఉత్తరం రాశాడు. ‘ఓటర్ల జాబితాలో ఈ పేరు లేదు. మూడేళ్ల వెనక్కి వెళ్తే అసలు ఈ మనిషే లేదు. ముందు చాకిరీ చేసి నమ్మకం సంపాదిస్తారు. ఆ తర్వాత సరిగ్గా తాళాల దగ్గరికే చెయ్యి చాస్తారు. ఈ పద్ధతి నాకు బాగా తెలుసు.’

ఐయోనాను పనిలో ఉంచాలా, తీసెయ్యాలా అని ఓటింగ్ జరిగింది. బెవ్ రెండు రోజులు తాత్సారం చేసింది.

“ఆ పిల్ల చేసే పని చూస్తే నాకేమీ చెడుగా అనిపించడం లేదు డెన్,” అంది ఫోన్లో. “కానీ ఇవాళ మా ఇంట్లో పదకొండు మంది ఉన్నారు. వాళ్లు ఎక్కడున్నారో బయటికి పొక్కితే చంపడానికి వచ్చే మొగుళ్లున్నారు. వాళ్ల ప్రాణాలతో పందెం కాయలేను.”

ఐయోనాను తీసేశారు. ఎందుకు తీసేశారో నలుగురికీ తెలిసేలా డెన్‌హమ్ తన బ్లాగులో రాశాడు. ఎంత జాగ్రత్తపరుడని అందరూ మెచ్చుకున్నారు.

పది రోజుల తర్వాత బెవ్ ఫోన్ చేసింది.

“ఆ పిల్ల నాకు ఉత్తరం రాసింది. చదువుతాను, విను. ‘ఐయోనా నా అసలు పేరు కాదు. మా ఆయన వెతుకుతున్నాడని మార్చుకున్నాను. మీ ఇంట్లో మేడ మీది గదిలో రెండు చలికాలాలు తలదాచుకున్నాను. అమ్మకు కరవాంగ్‌లోనే రాసుకునేదాన్ని. అది లేకపోతే పిచ్చెక్కిపోయేదాన్ని. నాలాంటి వాళ్లకు అది ఇంకా గట్టిగా ఉండాలనే వచ్చాను. మిమ్మల్ని భయపెట్టి ఉంటే క్షమించండి.’”

డెన్‌హమ్ లేచి గది తలుపు వేశాడు.

“ఎవరో తెలిసింది నాకు,” బెవ్ ఏడుస్తోంది. “కుడిచెయ్యి విరిగి వచ్చింది. నేనే అన్నం తినిపించాను. ఇప్పుడు నేనే దాన్ని మళ్లీ వీధిలో నిలబెట్టాను. మనిద్దరం తెలియక చేశాం డెన్. క్షమించమని రాయి. వెనక్కి పిలువు.”

“చూద్దాంలే,” అన్నాడు డెన్‌హమ్.

తెలియక చేసింది బెవ్ ఒక్కతే: ఆ తాళాల ఫైలులో పదేళ్ల కిందట డెన్‌హమ్ తానే రహస్యంగా ఒక సందు వదిలాడు; ఆ రెండు చలికాలాలూ ఐయోనా తల్లికి రాసుకున్న ప్రతి ఉత్తరాన్నీ, ఆ పేరు ఎంచుకున్న రోజు రాసినదానితో సహా, అందులోంచి చదివే ఉన్నాడు.