ఎండాకాలపు జ్వరాలు

క్వారీ గుంట చుట్టూ కంచె వేయాలో వద్దో మరణాల రిజిస్టరు చూసి తేల్చడానికి అధికారిణి వచ్చింది. గుమాస్తా కుర్చీ తుడిచి వేశాడు.

ఆమె పదేళ్ల పేజీలు ఓపిగ్గా తిప్పింది.

"నీళ్లలో పడి పోయినవాళ్లు ఒక్కరూ లేరే. పిల్లలంతా జ్వరంతోనే పోయారు. మీ ఊరి జ్వరాలకు ఎండాకాలం సెలవుల్లోనే తీరిక దొరుకుతుందా, గుమాస్తా గారూ?" అని నవ్వింది.

అతను నవ్వలేదు. ఆ గుంటలో తేలిన పిల్లలు తొమ్మిది మంది. నీళ్లలో పోయారని రాస్తే శవాన్ని పోస్టుమార్టం కోతకు పంపాలి. ప్రతిసారీ తల్లో తండ్రో వచ్చి, "బిడ్డను కోయించొద్దయ్యా, నీకు పుణ్యముంటుంది" అని కాళ్లు పట్టుకునేవారు. అతను జ్వరమని రాసేవాడు. మంచి మనిషని ఊరంతా చెప్పుకునేది.

"ఇందులో ఉన్నదంతా నిజమేనా? నిజమైతే ఈ కంచె ఇంకో ఊరికి పోతుంది."

కాదంటే ఉద్యోగం పోతుంది.

"నిజమేనండీ" అన్నాడు.

ఆమె తన జాబితాలో క్వారీని కొట్టేసి, అతనిచేత పక్కన సంతకం చేయించుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మనవరాలు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"తాతా, సోమవారం నుంచి మాకు కొత్త బడి. క్వారీ గట్టు మీది పాత ఆఫీసులో పెడుతున్నారు. గేటు దాటితే నీళ్లేనట."

అతను చెయ్యి చాచి ఆ పిల్ల నుదురు తాకి చూశాడు.

చల్లగానే ఉంది.