ఆరో తరగతి మేకు

బుడమేరు పొంగి కొల్లేరు ఊళ్లమీద పడిన ఏడు గడిచాక వచ్చిన జూన్ అది. తెల్లారితే బడులు తెరుస్తారు. దత్తాత్రేయులు అరుగు మీద కూర్చుని అన్నం వద్దన్నాడు.

"ఆకలి లేదా?" అంది భార్య సీతాలక్ష్మి.

"పిల్ల రేపు హైస్కూలుకి వెళ్తోంది. ఇంక ఆకలేం వేస్తుంది."

పిల్ల అంటే మృదుల. పెద్దది. వీధి చివర చిన్నబడిలో ఐదు పూర్తిచేసింది. ఊరి హైస్కూలు కాలవ అవతల ఉంది. అందులో వద్దు, తాడేపల్లిగూడెంలో ప్రైవేటు బడికి పంపుదామని దత్తాత్రేయులు వారం నుంచీ పట్టుబడుతున్నాడు. ఆ బడి బస్సు పొద్దున్నే వంతెన దగ్గర ఆగుతుంది. డ్రైవరుకి చెప్పి కూడా ఉంచాడు.

"ఆరో తరగతి గది నువ్వు చూళ్లేదు," అన్నాడు. "కిటికీ పక్క రెండో బెంచీకి మేకు పైకి లేచి ఉంది. ఫ్యాను తాగినవాడిలా ఊగుతుంది. తలుపు వరదలో నాని ఉబ్బిపోయింది, గడియ పడదు. అలాంటిచోట మన పిల్లని కూర్చోబెట్టమంటావా?"

"మిగతా పిల్లలు కూర్చోవడం లేదా?"

"వాళ్లు వేరు."

"వాళ్ల లంగాలు చిరగవా?"



అప్పుడే పాలు పోసే ఏడుకొండలు వచ్చాడు. సంగతి విని, తన కూతురు రమ్యశ్రీ లంగా పోయినేడు ఆ మేకుకే చిరిగిందన్నాడు. వరదప్పుడు తన గేదెల్ని కట్టింది కూడా ఆ గదిలోనేనట.

"నాలుగు రోజులు ఆరో తరగతి చదివాయండి మా గేదెలు. మేకు గుచ్చుకుని ఒకటి మధ్యలో మానేసింది. మిగతావి పాసయ్యాయి."

"చూశావా, గేదే ఉండలేకపోయింది," అన్నాడు దత్తాత్రేయులు.

"మీరే ఇలా భయపడితే మాలాంటోళ్లం ఏమైపోవాలండి," అని ఏడుకొండలు పాలక్యాను తీసుకుని వెళ్లిపోయాడు.

సీతాలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మేకు సంగతి చెప్పాల్సింది తనకి కాదు, హెడ్మాస్టరుగారికి అంది. ఊళ్లో ఆడవాళ్లు ఎన్నిసార్లు అడిగినా ఆయన రేపు చూద్దాం అనడమేనట.

"ఆయనకి మాత్రం ఎన్ని తలనొప్పులని," అన్నాడు దత్తాత్రేయులు. "పైవాళ్లకి రాశాడు. వాళ్లు పలకలేదు."

"మేకు కొట్టడానికి పైవాళ్లెందుకండీ? సుత్తి చాలు."

పుస్తకాలకి అట్టలు వేసుకుంటున్న మృదుల తలెత్తకుండా అడిగింది. "నాన్నా, ఆ హెడ్మాస్టరుగారికి పైవాళ్లన్నా భయమే, మేకులన్నా భయమేనట. నిజమేనా?"

"నువ్వెళ్లి పడుకో."

పిల్ల నవ్వుకుంటూ లోపలికి పోయింది. సీతాలక్ష్మి కంచం తెచ్చి ముందు పెట్టింది. ఈసారి మెల్లగా అంది.

"రేపు అది గూడెం బస్సెక్కితే మీరు ఊళ్లో తలెత్తుకోగలరా?"

దత్తాత్రేయులు కంచం దగ్గరికి లాక్కున్నాడు. పిల్లని చిన్నబడిలో వేసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు అది తన చెయ్యి వదలకుండా ఏడ్చింది. ఇప్పుడు వదల్లేనిది తనే. చల్లారిన పప్పన్నం కలుపుకుని మెతుకు మిగలకుండా తిన్నాడు.

మర్నాడు తెల్లారగానే పెరటి తలుపు గడియ ఊడదీసి, సుత్తితో పాటు సంచిలో వేసుకుని కాలవ దాటాడు. బెంచీ మేకు దిగ్గొట్టాడు. అరచేత్తో తడిమి చూసి మళ్లీ కొట్టాడు. తలుపు అంచు చెక్కి గడియ బిగించాడు. బెంచీ మీద బెంచీ వేసుకుని ఎక్కి, ఫ్యానుకంటే ఎక్కువ తనే ఊగుతూ మరలు బిగించాడు.

గూడెం బస్సు వంతెన దగ్గర ఆగి హారను కొట్టింది. కిటికీలోంచి సుత్తి ఊపి పొమ్మన్నాడు. బస్సు గబగబా పోయింది.

గేదెల్ని తోలుకుపోతూ ఏడుకొండలు కిటికీలోకి తొంగిచూశాడు.

"మేకు పోయిందాండి?"

"పోయింది."

"మానేసినదానికి చెబుతానండి."

కాసేపటికి పిల్లలు రావడం మొదలుపెట్టారు. మృదుల కొత్త బ్యాగుతో వచ్చి, కిటికీ పక్క రెండో బెంచీలో కూర్చుంది. దత్తాత్రేయులు వరండాలో నిలబడి అది చూశాడు. చొక్కాకి అంటిన చెక్కపొట్టు దులుపుకున్నాడు.

వెళ్లి తన హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు.