డాక్టరమ్మ సెలవు

చెల్లెలు అద్దం తలుపును అరచేత్తో బాదింది.

లోపల డాక్టరమ్మ తలెత్తింది. మాస్కు మీద మాస్కు, దాని ముందు ప్లాస్టిక్ షీల్డు. కనిపించేవి కళ్లే.

"మళ్లీ వాయిదానా మేడం?"

"ఆపరేషన్ థియేటర్లన్నీ కరోనా వార్డులు చేశారమ్మా. మిగిలింది ఒక్కటే. అదీ వారానికి ఒక్క కేసుకే."

"ఆ సంగతి మా అక్క రొమ్ములో గడ్డకి ఎవరు చెప్తారు?"

"మెల్లగా మాట్లాడవే" అంది అక్క, తలకి కట్టుకున్న స్కార్ఫు సర్దుకుంటూ. "రేపు నన్ను కోయాల్సింది ఆవిడే."

డాక్టరమ్మ కళ్లు నవ్వాయి. అక్కని తెర వెనక్కి తీసుకెళ్లి పరీక్ష చేసింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"కీమోతో తగ్గిన గడ్డ మళ్లీ పెరుగుతోంది."

"మరి ఈ శుక్రవారం చెయ్యండి."

"ఆ రోజు పెద్ద డాక్టరుగారి కేసు ఉంది."

"పై వారం?"

"నేనుండను. శుక్రవారం నుంచి సెలవు."

చెల్లెలికి ఒళ్లు మండిపోయింది.

"జనం పిట్టల్లా రాలిపోతుంటే మీకు సెలవు కావాల్సొచ్చిందా. హోటళ్లు కూడా మూసేశారు, ఎక్కడికెళ్తారు?"

"ఎక్కడికీ వెళ్లను."

"కాళ్లు చాపుకుని పడుకుంటారా?"

"దాదాపు అంతే."

"మీకోసం బాల్కనీలో నిలబడి చప్పట్లు కొట్టాను. అవి వెనక్కి తీసుకుంటున్నాను."

పక్కన కూర్చున్న నర్సు విసురుగా లేచింది. డాక్టరమ్మ ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"పిల్లలున్నారా?" అని అక్కని అడిగింది.

"ఇదిగో, ఈ నోరున్న పిల్లే. అమ్మ పోయాక నేనే పెంచాను."

డాక్టరమ్మ కిటికీలోంచి ఖాళీ రోడ్డుని చూసింది.

"శుక్రవారం పరగడుపున రండి. పెద్దాయనతో నేను మాట్లాడతాను."

"మేడం..." అంది నర్సు.

"వాళ్లని రానివ్వు."

బయటికొచ్చాక చెల్లెలు చేతులు దులుపుకుంది.

"చూశావా, తిడితేగానీ కదలరు."

"నీ మొగుడు నీతో ఎలా వేగుతున్నాడే" అంది అక్క.

శుక్రవారం ఆపరేషన్ అయింది. డాక్టరమ్మే చేసింది. గడ్డ మొత్తం వచ్చేసింది.

కట్టు విప్పిన రోజు ఆవిడ కనబడలేదు.

"సెలవు దొరికినట్టుంది" అని చెల్లెలు మూతి తిప్పింది.

ఆస్పత్రి మామూలయ్యేసరికి చలికాలం వచ్చింది. అక్కకి కొత్త జుట్టు మొలిచింది, పిల్లి బొచ్చులా మెత్తగా, ఉంగరాలు తిరిగి. చెకప్‌కి వస్తూ దారి పొడుగునా చెల్లెలు దాన్ని నిమురుతూనే ఉంది.

"ఇవాళ మేడంకి సారీ చెప్పేస్తానక్కా."

గదిలో ఎవరో కొత్త డాక్టరు.

"మేడం ఏరి?"

నర్సు తలెత్తలేదు. "పోయారు."

చెల్లెలి చెయ్యి అక్క తల మీదే ఆగిపోయింది.

"కరోనాతోనా?"

"అదైతే నాకింత కోపం ఉండేది కాదు. మీ ఆపరేషన్ అయిన మర్నాడే ఆ ఒక్క థియేటరూ మూసేశారు. మళ్లీ తెరిచేసరికి ఒంటి నిండా పాకింది."

"ఏం పాకింది?"

నర్సు ఇప్పుడు తలెత్తి ఆమె కళ్లలోకి సూటిగా చూసింది.

"ఆ శుక్రవారం పెద్ద డాక్టరుగారు తీయాల్సింది మేడం రొమ్ములో గడ్డని."