తెర మీద నాన్న మొహం

"నేను రాను. అవన్నీ కొట్టుకునే సినిమాలు. నాకు బోరు" అంది అమ్మడు, దుప్పటి తల మీదకి లాక్కుంటూ.

మంచం పక్కన టికెట్లు పట్టుకుని నిలబడ్డ బంతి మొహం వాడిపోయింది. బంతి అంటే వాళ్ల నాన్నే. సినిమాల్లో హీరోకి డూపు. మేడ మీంచి దూకాలన్నా, లారీ మీంచి దొర్లాలన్నా, హీరోగారు కుర్చీలో కూర్చుని జ్యూసు తాగుతుంటే ఆయన చొక్కా తొడుక్కుని ఇతను దూకుతాడు. ఎన్నిసార్లు పడేసినా పైకి లేస్తాడని తోటి ఫైటర్లు పెట్టిన పేరది. ఇన్నేళ్లలో తెర మీద అతని వీపు కనిపించింది, కాళ్లు కనిపించాయి, మొహం మాత్రం ఎప్పుడూ కనిపించలేదు.

ఈ కొత్త సినిమాలో కనిపిస్తుంది. హీరోకి డూపుగా చేస్తూనే ఒక సీన్‌లో రౌడీ వేషం కూడా వేశాడు. అద్దం పగలగొట్టుకుని బయటికి ఎగిరిపడే ముందు కెమెరా అతని మొహం మీద ఆగుతుంది. ఆ ఒక్క షాట్ కూతురి పక్కన కూర్చుని చూడాలని అతని ప్రాణం కొట్టుకుపోతోంది.

"దానికి బొమ్మల సినిమాలు చాలు. ఇంకా ఉయ్యాల్లోనే ఉన్నాననుకుంటోంది" అంది తల్లి, కుట్టు మిషను ఆపకుండానే.

"బొమ్మల సినిమాలో ఏముందే?" అన్నాడు బంతి మంచం అంచున చతికిలబడి. "అందులో ఫైటుకి బరువుండదు. మనిషిని విసిరితే చూసేవాడి కుర్చీ కదలాలి. ముక్కలు ముక్కలుగా కత్తిరించి అంటిస్తే ఫైటయిపోదు. ఒకే షాట్‌లో తియ్యాలి, హీరో ఆయాసం మనకి వినపడాలి. అదీ సినిమా అంటే."

"బొమ్మల సినిమావాళ్లు ఒక్క ఆకు రాలడం గీయడానికి రోజుల తరబడి కూర్చుంటారు, తెలుసా? వానకి ఒక రంగు, వాన వెలిసాక ఇంకో రంగు" అంది అమ్మడు దుప్పట్లోంచే.

"మరి కథో?" అన్నాడు బంతి.

"మీ వాటిల్లో కథేంటి నాన్నా? చెల్లెల్ని ఎత్తుకుపోతారు, అన్న వెళ్లి తంతాడు. ఇంకో సినిమాలో అక్కని ఎత్తుకుపోతారు, తమ్ముడు వెళ్లి తంతాడు."

తల్లి ఫక్కున నవ్వింది. బంతికీ నవ్వొచ్చింది కానీ మింగేశాడు. మీ నాన్న ఏం చేస్తారని బళ్లో ఎవరైనా అడిగితే అమ్మడు మాట దాటేస్తుందట. ఆ సంగతి చెవిన పడ్డప్పటి నుంచీ, మొహం లేని నాన్నంటే పిల్లకి నామోషీయేమో అని ఒక పురుగు అతని మనసుని తొలిచేస్తోంది.

"ఈ ఒక్కసారికి రావే. తర్వాత నువ్వు ఏ బొమ్మల సినిమాకి రమ్మంటే దానికొస్తా. నోరెత్తను."

దుప్పట్లోంచి ఒక కన్ను బయటికొచ్చింది. "నిద్రపోకూడదు."

"పోను."

"గురక అసలు పెట్టకూడదు."

"నీ మీదొట్టు."

హాల్లో కూర్చున్నాక బంతి నోరు ఊరుకోలేదు. "అదుగో, మెట్ల మీంచి దొర్లింది నేనే. బైకు మీంచి ఎగిరిందీ నేనే. గోడకేసి కొట్టారు చూడు, అది కూడా నేనే." ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. బంతి ఛాతీ ఇంకాస్త పొంగింది. పాపం, అతను చెప్పే కొద్దీ అమ్మడు సీట్లోకి కూరుకుపోతోంది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టేసుకుంది. పిల్లకి సరిగ్గా అర్థం కావట్లేదనుకుని ఇతను మరింత వివరంగా చెప్పుకొచ్చాడు.

"ఇప్పుడొస్తుంది అద్దం షాట్. చేతులు తియ్యి అమ్మడూ."

అమ్మడు చేతులు తియ్యలేదు సరికదా, చటుక్కున లేచి తలుపు వైపు వెళ్లిపోయింది.

తెర మీద రౌడీలు గదిలోకి దూసుకొస్తున్నారు. ఇంకాస్త ఆగితే తన మొహం. బంతి తెర వంక చూశాడు, తలుపు వంక చూశాడు. చివరికి కూతురి వెనకే పరిగెత్తాడు. అతను వరండాలోకి వచ్చేసరికి లోపల అద్దం భళ్లుమంది. జనం ఈలలు వేశారు.

అమ్మడు పక్క హాలు ముందు నిలబడి ఉంది. అందులో బొమ్మల సినిమా ఆడుతోంది.

"కాస్త ఓపిక పట్టలేకపోయావా?" అన్నాడు బంతి. "ఇన్నేళ్లకి నా మొహం చూపించారే."

పిల్ల తల దించుకుంది.

"నేను చేసే పని నీకు నామోషీగా ఉందా?"

లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మరేంటి?"

"ఇందులోకి వెళ్దాం నాన్నా. వస్తానన్నావుగా."

మాటిచ్చాడు, ఏం చేస్తాడు. టికెట్లు కొని లోపలికి తీసుకెళ్లాడు. తెర మీద ఒక ముసలి తాబేలు కొండ చివర కాలు జారింది. రాతి మీద పడింది, అక్కణ్నుంచి కొమ్మ మీద పడింది, కొమ్మ విరిగి వాగులో పడింది. అమ్మడు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. పిల్ల ఇంత హాయిగా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. బంతికి ముద్దొచ్చింది, కడుపూ మండింది.

"నేను పడితే కళ్లు మూసుకున్నావు. తాబేలు పడితే మాత్రం నవ్వొస్తోందా?" అన్నాడు ఉండబట్టలేక.

అమ్మడు నవ్వు ఆపేసింది. చీకట్లో తడుముకుని అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తాబేలు పడితే ఎవరి నాన్నకీ దెబ్బ తగలదుగా" అంది.