మాస్టారి అభ్యంతరాలు

బెల్ మోగగానే పళ్ళ డాక్టరు రిమోటును సోఫా దిండు కింద దాచేశాడు.

"వచ్చారు," అంది భార్య వంటింట్లోంచి. "కింది ఫ్లాటు మాస్టారి చేత మాట పడ్డామంటే ఆ డబ్బాలన్నీ అమ్మేస్తానన్నాను. గుర్తుందిగా?"

గుర్తులేకేం? పగలంతా జనం నోళ్ళలో డ్రిల్లింగు మిషను రొద వినీ వినీ విసిగిపోయి, ముచ్చటపడి కొనుక్కున్న హోమ్ థియేటరు అది. దాన్ని అమ్మడమంటే ఆయనకు మత్తివ్వకుండా పన్ను పీకినట్టే.

తలుపు తీస్తే ఎదురుగా లెక్కల మాస్టారు. ఉద్యోగం నుంచి రిటైరై చాలాకాలమైంది కానీ, ఎదుటివాణ్ణి బెంచీ ఎక్కించే ఆ చూపు మాత్రం ఇంకా రిటైరు కాలేదు. నేరుగా హాల్లోకి వచ్చి, మూలనున్న నల్ల పెట్టెను చేతికర్రతో పొడిచారు.

"ఇదేమిటి?"

"సబ్ వూఫరండీ."

"పేరెవరడిగారు? నిర్వచనం చెప్పండి."

డాక్టరు చేతులు కట్టుకున్నాడు. "దడదడలన్నీ దీన్లోంచి వస్తాయండీ. బాంబులూ, ఉరుములూ, విలన్ అడుగులూ..."

"మరి మాటలు?"

"టీవీ కింద పొడుగ్గా ఉందే, అది సెంటర్ స్పీకరండీ. మాటలు దాని వంతు. వెనకున్నవి సరౌండు స్పీకర్లు. సినిమాలో వాన పడితే మన చుట్టూ పడ్డట్టుంటుంది."

"ఊఁ. ఈ వూఫరు మూలనుంటే మా గోడలు అదురుతున్నాయి. హాలు మధ్యకు జరపండి. దాని కింద ఆ దుప్పటేమిటి?"

"మీకు చప్పుడు తగలకూడదని నేనే..."

"తీసేయండి. గాలాడక కాలి కూర్చుంటుంది."

డాక్టరు తీసేశాడు. పెట్టె ఎత్తేయమనలేదు, అదే పదివేలు.

అప్పటినుంచి ఆ ఇంట్లో వంటింటికి వెళ్ళాలన్నా వూఫరు చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. డాక్టరు కాలి బొటనవేలు దానికి తగలని రోజు లేదు. అది చాలదన్నట్టు మాస్టారు మళ్ళీ వచ్చారు. సెంటర్ స్పీకరు మాటలు గోడకు కొట్టుకుని ముద్దగా వస్తున్నాయట. దాన్ని బాల్కనీ వైపు తిప్పమన్నారు, బాల్కనీ తలుపు తెరిచి ఉంచమన్నారు. డాక్టరు తిప్పాడు, తెరిచాడు. దోమలు కూడా వచ్చి సినిమా చూడసాగాయి.

ఆ తర్వాత రిమోటు మీదున్న డిలే బటను వంతు వచ్చింది.

"డిలే అంటే?" అన్నారు మాస్టారు.

"బొమ్మ కన్నా మాట ముందొచ్చేస్తే, మాటను కాస్త పట్టి ఆపి వదిలే ఏర్పాటండీ."

"అయితే పట్టి ఆపండి. ముందే వచ్చేస్తోంది."

"నాకు సరిగ్గానే ఉందండీ మాస్టారూ..."

"మీకు లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చేవి?"

డాక్టరు డిలే పెంచాడు. ఇక ఆ ఇంట్లో హీరోయిన్ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాక ఏడుపు వినిపించేది.

"రేపేం పెడుతున్నారు?" అన్నారు మాస్టారు గుమ్మం దగ్గర ఆగి.

"టీవీలో దయ్యం సినిమా వస్తోందండీ. సౌండు బాగా తగ్గించి..."

"తగ్గించకండి! ఎంతలో ఉందో అంతలోనే ఉండనివ్వండి. మార్చేస్తే తప్పెక్కడుందో నాకెలా తెలుస్తుంది?"

సాక్ష్యాలు పోగుచేస్తున్నారన్నమాట అనుకుని డాక్టరు చల్లబడిపోయాడు.

మర్నాడు సాయంత్రం భార్య హడావుడిగా ఇంటికొచ్చింది. "ఏమండీ, మాస్టారి గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూశారా? నలుగుర్నీ పోగేసి మన మీద పంచాయితీ పెడుతున్నారు. లిఫ్టులో వాళ్ళావిడ నన్ను చూసి నవ్వింది కూడా. కడుపు ఎంత మండితే అంత తియ్యగా నవ్వుతుందో!" అంటూ ఓ హెడ్‌ఫోన్ల జత మొగుడి ఒళ్ళో పడేసింది. "ఇక ఇవి పెట్టుకుని వినండి. కాదంటే రేపే అమ్మకం."

డాక్టరు వూఫరు స్విచ్చి ఆపాడు. బాల్కనీ తలుపు మూశాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. సినిమా మొదలైంది కానీ, హెడ్‌ఫోన్లలో దయ్యం అరుపు ఆయనకు దోమ పాటలా వినిపించింది.

కాసేపటికి భార్య భుజం తట్టింది. గుమ్మంలో మాస్టారు, చేతికర్ర కూడా మరిచిపోయి, రొప్పుతూ నిలబడి ఉన్నారు.

"ఏమైంది డాక్టరు గారూ? చప్పుడే లేదు! ఒంట్లో బాగాలేదా?"

డాక్టరు మనసు కరిగి నీరైపోయింది. ఇంత మంచి మనిషినా ఇన్నాళ్ళూ శత్రువనుకున్నది! "బాగానే ఉందండీ. మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని, ఇక హెడ్‌ఫోన్లతోనే..."

"ఇకెప్పుడూనా?"

"ఇకెప్పుడూ మా చప్పుడు మీకు వినిపించదు. నాదీ హామీ."

మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆసరాకు గుమ్మం పట్టుకున్నారు. సంతోషం పట్టలేకపోయారు కాబోలని డాక్టరు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుని, మెట్లు దింపి, చెప్పుల గుట్ట దాటించి, వాళ్ళ తలుపు తోశాడు. లోపల దీపాలు ఆర్పేసి ఉన్నాయి. హాలు నిండా కుర్చీలు, కుర్చీల నిండా చుట్టాలు. అందరూ మెడలెత్తి పైకప్పు కేసి చూస్తున్నారు.

చీకట్లోంచి మాస్టారి భార్య గొంతు వినిపించింది.

"ఏమండీ, మన టీవీకి పైవాళ్ళు సౌండు ఎప్పుడిస్తారట?"