వంటగది వెనక మెట్లు

"అటు కాదు, వంటగది వెనక మెట్లున్నాయి" అని గొణిగాడు ఉదయ్‌కుమార్.

తెర మీద హీరోయిన్ హంతకుణ్ణి తప్పించుకోవడానికి గెస్ట్‌హౌసంతా పరిగెడుతోంది. తిరిగి తిరిగి చివరికి వంటగదిలో దూరింది. దాని వెనక నిజంగానే మెట్లున్నాయి. నేరుగా గోదావరిలోకి దిగుతున్నాయి.

కృపారాణి మొగుడి వైపు తిరిగింది.

"ఈ సినిమా ముందే చూశారా?"

"ఇవాళే కదా రిలీజు."

"మరి మెట్ల సంగతి మీకెలా తెలుసండీ?"

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోగలమా?

పట్టిసీమ దగ్గర తీసిన సినిమా అని నిడదవోలు జనమంతా మ్యాట్నీకి ఎగబడ్డారు. రెండు జంటలు సరదాగా శనాదివారాలు గడపడానికి గెస్ట్‌హౌస్‌కి వస్తే హత్యలు జరుగుతాయిట. హంతకుడెవరో పావుగంటకే హాలంతా కనిపెట్టేసింది. వెనక వరసలవాళ్లు ఆవలిస్తూ వాణ్ణి పేరు పెట్టి మరీ పిలుస్తున్నారు. కృపారాణికి మాత్రం ఇప్పుడే అసలు సినిమా మొదలైంది. పొద్దుట్నుంచీ ఈ సినిమా వద్దంటే వద్దని ఈయన మొండికేసింది ఇందుకన్నమాట.

ఇంటర్వెల్లో పల్లంరాజు అనే ఆసామి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. "మాస్టారూ, మీ తర్వాత వచ్చినాయన చెప్పే లెక్కలు మావాడికి ఒక్క ముక్క ఎక్కట్లేదండి" అన్నాడు. ఉదయ్‌కుమార్ ఏదో నవ్వు నవ్వి పంపేశాడు. కృపారాణి ఆ మాట విన్నదే గానీ మనసు దాని మీద లేదు.

"ఇంటికి పోదాం పద కృపా. చెత్త సినిమా."

"బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పండి. ఆ గెస్ట్‌హౌస్‌కి వెళ్లారా లేదా?"

"వెళ్లాను."

"స్పెషల్ క్లాసులని ఆదివారం ఆరాధనకి కూడా రాకుండా పోయేది అక్కడికేనా?"

"అక్కడికే."

"ఆ మధ్య ట్రైనింగని రెండ్రోజులు ఇంటికి రాలేదు. అదీ అక్కడేనా?"

అతను తలూపాడు.

"బుగ్గ వాచిపోయి వచ్చారు. పన్ను నొప్పన్నారు. పిచ్చిదాన్ని, నమ్మి మూడ్రోజులు లవంగం నూనె రాశాను. జావ కాచి పోశాను. ఎవరితో ఉన్నారక్కడ?"

"ఇంటికెళ్లాక అన్నీ చెప్తాను. సినిమా మాత్రం వద్దు."

"నేను కడదాకా చూస్తాను. నాకు తెలియని ఆ గదులెలా ఉంటాయో చూడాలి."

పెళ్లయి ఏడేళ్లు. ఒక్క రాత్రి గోదావరి ఒడ్డున ఉండొద్దాం అని ఎన్నిసార్లడిగిందో. సెలవు దొరకదనేవాడు. ఆ సెలవు ఇంకెవరికో దొరికింది. కన్నీళ్లు చెంపల మీదికి జారుతుంటే తుడుచుకోను కూడా లేదు. ఇంతకాలం ఈ మనిషి పక్కనే కదా పడుకున్నాను అనుకుంది. అతను వచ్చి పక్క సీట్లో తల వంచుకుని కూర్చున్నాడు.

తెర మీద మంచం కనబడితే ఆమె కళ్లు మంచం మీద, అద్దం కనబడితే అద్దం మీద. కథ ఎటు పోతోందో పట్టలేదు.

భోజనాల బల్ల దగ్గర హీరోకి కోపమొచ్చింది. సూపు చల్లారిపోయిందని, తెల్ల టోపీ పెట్టుకుని వడ్డిస్తున్న పనివాణ్ణి ఎడమ చెంప మీద ఈడ్చి కొట్టాడు. టోపీ ఎగిరిపడింది. హాల్లో మొట్టమొదటిసారి ఈలలు, చప్పట్లు.

వంగి టోపీ అందుకుని, "సారీ సార్" అంటూ ఆ పనివాడు తలెత్తాడు.

కృపారాణి తెర మీదున్న మొహాన్ని చూసింది, పక్క సీట్లో మొహాన్ని చూసింది. ఎడమ చెంప మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు ఉదయ్‌కుమార్.

"నన్ను స్కూల్లోంచి తీసేసి ఏడాదైంది కృపా" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "అది పన్ను నొప్పి కాదు. తొమ్మిది టేకులు తీశారు."